కాంటా ఆగిన రాత్రి: పదహారు రైస్ మిల్లుల పోస్ట్‌గ్రెస్ సెట్టింగులను ఆన్సిబుల్ కిందికి తెచ్చిన కథ

2025 ఏప్రిల్. యాసంగి వడ్లు ముమ్మరంగా దిగుతున్న రోజులు. రాత్రి పదకొండు దాటాక మిర్యాలగూడలోని ఒక మిల్లు నుంచి గుమాస్తా ఫోన్ చేశాడు.

"సార్, కాంటా చిట్టీ వస్తలేదు. గేటు కాడ పద్నాలుగు లారీలు ఆగినయ్. డ్రైవర్లు లొల్లి చేస్తున్రు."

మేం నల్లగొండలో ముగ్గురం కలిసి నడిపే చిన్న ఆఫీసు. రైస్ మిల్లులకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేసి, దాన్ని మేమే చూసుకుంటాం. లారీ కాంటా ఎక్కుతుంది, లోడు బరువు పడుతుంది, తేమ చూస్తారు, దిగుమతి అయ్యాక ఖాళీ బండి మళ్లీ కాంటా ఎక్కుతుంది, చిట్టీ బయటికొస్తుంది. చెప్పుకోవడానికి ఇంతే. కానీ ఆ చిట్టీ రాకపోతే బండి గేటు దాటదు, వెనక బండి లోపలికి రాదు, హమాలీలు ఖాళీగా కూర్చుంటారు. అందుకే డేటాబేస్‌ను క్లౌడ్‌లో పెట్టకుండా ఏ మిల్లుకు ఆ మిల్లులోనే, ఆఫీసు గదిలో ఒక సర్వర్ పెట్టాం. నెట్ పోయినా కాంటా ఆగకూడదు.

అట్లా పదహారు సర్వర్లయ్యాయి. ఎక్కువ మిర్యాలగూడ చుట్టుపక్కలే, సాగర్ ఎడమ కాలువ కింద. కొన్ని సూర్యాపేట, హుజూర్‌నగర్ వైపు, మూడు మహబూబ్‌నగర్, వనపర్తి వైపు. ఏ సంవత్సరం పెట్టిన సర్వర్‌లో ఆ నాటి ఉబుంటు లినక్స్, దానితో వచ్చిన పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వెర్షన్: ఎనిమిదింట్లో 12, ఐదింట్లో 14, మూడింట్లో 16. పన్నెండుకు 2024 నవంబర్‌తోనే సపోర్ట్ అయిపోయింది. సగం మిల్లుల్లో ఇంకా అదే నడుస్తోందని ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఉన్నమాట అది.

ఆ రాత్రి వీపీఎన్‌లో లోపలికి వెళ్లి చూస్తే మెషీన్ బతికే ఉంది. మెమరీ చాలక లినక్స్ కెర్నెల్ పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్ ఒకదాన్ని చంపేసింది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక ప్రాసెస్ అట్లా అర్ధాంతరంగా చస్తే, షేర్డ్ మెమరీ పాడైందేమోనన్న అనుమానంతో అది మిగతా కనెక్షన్లన్నీ తెంచేసి, రికవరీ చేసుకుని మళ్లీ మొదలవుతుంది. ఆ మధ్యలో కాంటా దగ్గరి కంప్యూటర్ కూడా తెగిపోతుంది. లేచాక రెండు నిమిషాలకు మళ్లీ అదే తంతు.

కారణం సీఎంఆర్ (కస్టమ్ మిల్డ్ రైస్) రిపోర్టు. ప్రభుత్వం ఇచ్చిన వడ్లకు పచ్చి బియ్యమైతే క్వింటాలుకు 67 కిలోల చొప్పున మిల్లరు తిరిగి ఇవ్వాలి. ఎన్ని వడ్లొచ్చాయి, ఎంత బియ్యం పోయింది, ఇంకా ఎంత బాకీ అన్నది ఏళ్ల లెక్కంతా తిరగేసి చూపించే రిపోర్టు అది. సేటు ఒక కంప్యూటర్‌లో, మేనేజర్ ఇంకో కంప్యూటర్‌లో తెరిచారు. రావడం ఆలస్యమైతే మనిషి ఏం చేస్తాడు? మళ్లీ నొక్కుతాడు. పాతది లోపల నడుస్తూనే ఉంటుంది, కొత్తది దానికి తోడవుతుంది.

ఆ సర్వర్‌కు ఉన్నది 8 జీబీ ర్యామ్. సార్టులకు, హ్యాష్‌లకు ఎంత మెమరీ వాడుకోవచ్చో చెప్పే వర్క్_మెమ్ చూస్తే 256 ఎంబీ! ఇది కనెక్షన్‌కు ఒకసారి ఇచ్చేది కాదు. ఒక క్వెరీలో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో) ఎన్ని సార్టులు, ఎన్ని హ్యాష్‌లుంటే అన్నింటికీ విడివిడిగా అంత వాడుకోవచ్చు. ఆరు సార్టులున్న రిపోర్టును నలుగురు నొక్కితే ఏమవుతుందో లెక్క మీరే వేసుకోవచ్చు.

సరే, సెట్టింగులుండే మెయిన్ ఫైల్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.కాన్ఫ్ తెరిచి వర్క్_మెమ్‌ను 16 ఎంబీకి దించాను. సర్వర్ ఆపకుండానే ఫైల్‌ను మళ్లీ చదివించే రీలోడ్ కొట్టాను. చూస్తే 256. మళ్లీ ఫైల్ తెరిచాను, 16 అనే ఉంది. మళ్లీ రీలోడ్. మళ్లీ 256. ఇంకేదో ఫైల్ మారుస్తున్నానేమోనని డైరెక్టరీలన్నీ వెతికాను. అవతల గుమాస్తా ఐదు నిమిషాలకోసారి "అయితదా సార్?" అంటున్నాడు. ఆ టెన్షన్‌లో ఇరవై నిమిషాలు పోయాక గానీ చెయ్యాల్సిన పని గుర్తు రాలేదు: పీజీ_సెట్టింగ్స్ అనే వ్యూను, అంటే టేబుల్ లాగా చదువుకునే జాబితాను, అడగడం. అందులో సోర్స్‌ఫైల్, సోర్స్‌లైన్ అని రెండు కాలమ్‌లుంటాయి. ఈ విలువ ఏ ఫైల్‌లో ఎన్నో లైను నుంచి వచ్చిందో అవే చెబుతాయి. వచ్చింది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.ఆటో.కాన్ఫ్ నుంచి.

ఆల్టర్ సిస్టమ్ అనే కమాండుతో ఏ సెట్టింగు మార్చినా ఆ ఆటో ఫైల్‌లో పడుతుంది. సర్వర్ దాన్ని అన్నిటికన్నా చివర చదువుతుంది కాబట్టి మెయిన్ ఫైల్‌లో ఏం రాసినా దాని ముందు చెల్లదు. 9.4 వెర్షన్ నుంచీ ఉన్న పద్ధతే, తెలియనిది కాదు. అయినా అర్ధరాత్రి గుర్తు రాలేదు. రీసెట్ చేశాను, రీలోడ్ చేశాను, 16 అయింది. మొత్తం మీద కాంటా యాభై నిమిషాలు ఆగింది.

ఆ ఆల్టర్ సిస్టమ్ ఎవరు కొట్టారని మరుసటి రోజు కమాండ్ హిస్టరీ చూశాను. నేనే. అంతకుముందు వానాకాలం సీజన్‌లో అదే రిపోర్టు నెమ్మదిగా వస్తోందని సేటు అంటే "చిటికెలో చేస్తా" అని చేసిన చిటికె అది.

ముందు ఉన్నదేమిటో చూడడం

సీజన్ నడుస్తుండగా ఏదీ మార్చకూడదని అనుకున్నాం. మే నెలంతా చూడడమే. ప్రతి సర్వర్ నుంచి మూడు ఫైళ్లు తెచ్చుకున్నాం: మెయిన్ కాన్ఫ్, ఆటో కాన్ఫ్, ఎవరు ఎక్కడి నుంచి లాగిన్ కావచ్చో చెప్పే పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్. వీటితోపాటు డిఫాల్ట్ కాని విలువలన్నీ పీజీ_సెట్టింగ్స్ నుంచి తీసి, మిల్లుకో ఫోల్డర్‌గా, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టాం. దీనికోసమే మొదటిసారి ఆన్సిబుల్ వాడాం, ఒకచోటి నుంచి ఎన్నో సర్వర్లకు ఒకే పని చేయించే టూల్ అది. పప్పెట్ లాంటివి కూడా ఉన్నాయి గానీ వాటికి ప్రతి మెషీన్‌లో ఏజెంట్ ఒకటి కూర్చోవాలి. ఆన్సిబుల్‌కు ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి), అవతల పైథాన్ ఉంటే చాలు. ముగ్గురు మనుషుల ఆఫీసుకు అంతకు మించిన వాదన అక్కర్లేదు.

దొరికినవి చూసి కాసేపు ఎవరం మాట్లాడలేదు. వర్క్_మెమ్‌కు పదహారు సర్వర్లలో ఆరు రకాల విలువలు. ఒకచోట మ్యాక్స్_కనెక్షన్స్ 500, వాడేది తొమ్మిది కంప్యూటర్లు. ఒకచోట హెచ్‌బీఏ ఫైల్‌లో ఏ ఐపీ నుంచి వచ్చినా పాస్‌వర్డ్ అడగకుండా రానిచ్చే ట్రస్ట్ లైను. ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "తర్వాత తీసేద్దాం" అనుకుని పెట్టింది. ఆ ఒక్కటి ఆ రోజే తీసేశాం.

అన్నిటికన్నా భయపెట్టింది సూర్యాపేట వైపు మిల్లులో కనిపించిన ఎఫ్‌సింక్ = ఆఫ్. ఎఫ్‌సింక్ ఆన్‌లో ఉంటే, లావాదేవీ పూర్తయిందని చెప్పే ముందు పోస్ట్‌గ్రెస్ దాని లాగ్‌ను నిజంగా డిస్క్‌కు ఎక్కిస్తుంది. ఆఫ్ చేస్తే రాతలు వేగంగా జరుగుతాయి, నిజమే. కానీ ఆ క్షణంలో కరెంటు పోతే చివరి నాలుగు చిట్టీలు పోవడంతో ఆగదు, డేటాబేసే పాడు కావచ్చు. గాలివానకు గంట కరెంటు పోయే ఊళ్లో, బ్యాటరీలు ముసలివైన యూపీఎస్ వెనక, ఎఫ్‌సింక్ ఆఫ్! అంత వేగమే కావాలంటే సింక్రనస్_కమిట్ ఆఫ్ చేసుకోవచ్చు, అప్పుడు చివరి కొన్ని లావాదేవీలు పోవచ్చేమో గానీ డేటాబేస్ చెడదు. మాకైతే ఒక్క చిట్టీ కూడా పోవడానికి వీల్లేదు కాబట్టి అదీ వద్దు.

ఇక్కడే నేను చేసిన తప్పు ఒకటి ఉంది. ఎఫ్‌సింక్‌ను వెంటనే చేత్తో సరిచేయకుండా, అన్ని మిల్లులకూ ఒకే నమూనా నుంచి సెట్టింగుల ఫైల్ రాసే టెంప్లేట్ వస్తుంది కదా, దానితో ఎలాగూ సరవుతుందిలే అని వదిలేశాను.

టెంప్లేట్, దాని వెనకే వచ్చిన తలనొప్పి

మొదట చర్చ వచ్చింది: మెయిన్ కాన్ఫ్ ఫైల్ మొత్తాన్ని మనమే రాయాలా, లేక లైన్లు మాత్రం మార్చాలా? ఆన్సిబుల్‌లో లైన్‌ఇన్‌ఫైల్ అని ఒక మాడ్యూల్ ఉంది, ఒక లైను వెతికి మారుస్తుంది. వెతికే నమూనా తగలకపోతే ఫైల్ చివర కొత్త లైను చేర్చేస్తుంది. నాలుగు నెలలకు ఒకే సెట్టింగు మూడు చోట్ల కనిపిస్తుంది, చివరిదే చెల్లుతుంది, చదివేవాడు మాత్రం మొదటిదే చూస్తాడు. అది వద్దనుకున్నాం. మూడు వెర్షన్లకు మూడు పొడుగాటి మెయిన్ ఫైళ్లు మోయడమూ దండగే. ఉబుంటు ప్యాకేజీలో మెయిన్ ఫైల్ చివర కాన్ఫ్.డి అనే డైరెక్టరీని కలుపుకునే లైను ముందే ఉంటుంది. అందులో మాదైన ఫైల్ ఒక్కటి పెడితే మెయిన్ ఫైల్‌లో ఉన్నవాటి మీద అదే చెల్లుతుంది. పాతిక లైన్ల టెంప్లేట్. ఆటో కాన్ఫ్‌లో ఉన్నవన్నీ గిట్‌లో నమోదయ్యాయని చూసుకుని రీసెట్ ఆల్ చేశాం.

టెంప్లేట్‌కు మూలంగా ఏ తగాదా లేకుండా నడుస్తున్న ఒక మిల్లు సెట్టింగులను తీసుకున్నాను. అది 12 వెర్షన్. దానికి ఒకప్పుడు స్టాండ్‌బై, అంటే తోడుగా నకలు సర్వర్, ఉండేది, దానికోసం లాగ్ ఫైళ్లను దాచి ఉంచే ఆనాటి వాల్_కీప్_సెగ్మెంట్స్ అనే లైను కూడా దాంట్లో ఉంది. ఉంటే ఏం పోయిందిలే అని ఉంచేశాను. జూన్ చివర సీజన్ సద్దుమణిగాక పదహారు మిల్లులకూ ఒకేసారి తోశాను. అంతా పచ్చగా వచ్చింది, ఎర్ర లైను ఒక్కటి లేదు. సేటులందరికీ "మీ సర్వర్ సెట్టింగులన్నీ సరిచేశాం" అని వాట్సాప్‌లో పెట్టాను.

సెప్టెంబర్‌లో ఒక సాయంత్రం వనపర్తి వైపు గాలివాన. కరెంటు పోయింది, యూపీఎస్ పది నిమిషాలు మోసి చేతులెత్తేసింది. కరెంటొచ్చాక సర్వర్ లేచింది, పోస్ట్‌గ్రెస్ లేవలేదు. లాగ్‌లో ఒకటే మాట: వాల్_కీప్_సెగ్మెంట్స్ అనే పరామితి ఏదో నాకు తెలియదు, మీ ఫైల్‌లో పద్నాలుగో లైను చూసుకోండి.

13 వెర్షన్‌లో ఆ సెట్టింగును తీసేసి దాని స్థానంలో వాల్_కీప్_సైజ్ తెచ్చారు. మరి జూన్‌లో ఎందుకు గొడవ రాలేదు? ఇదే ఈ కేసులో అసలు సంగతి. నడుస్తున్న సర్వర్‌కు రీలోడ్ చెబితే అది ఫైళ్లన్నీ చదువుతుంది. తెలియని పేరు కనిపిస్తే లాగ్‌లో ఒక లైను రాసి, ఆ ఫైళ్లలోని మార్పులు ఏవీ తీసుకోకుండా పాత విలువలతోనే నడుస్తుంది. కాంటా ఆగకూడదు కదా, ఆ మర్యాద మంచిదే. కానీ రీలోడ్ కమాండ్ మాత్రం "అయింది" అనే జవాబిస్తుంది, ఎందుకంటే సిగ్నల్ పంపడం వరకే దాని పని. ఆన్సిబుల్ ఆ జవాబును నమ్మింది, నేను ఆన్సిబుల్‌ను నమ్మాను. మొదటినుంచి లేవాల్సి వచ్చినప్పుడు సర్వర్‌కు ఆ మర్యాద ఉండదు, తెలియని పేరుతో అది లేవనే లేవదు.

ఆ లైను తీసేసి వనపర్తి సర్వర్‌ను లేపడానికి ఐదు నిమిషాలు పట్టింది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి ఆలోచిస్తుంటే ఒళ్లు చల్లబడింది. 14, 16 వెర్షన్లున్న మిగతా ఏడు మిల్లులూ ఇదే స్థితిలో, ఒక్క కరెంటు కోత దూరంలో ఉన్నాయి. అంతే కాదు, ఆ ఎనిమిది చోట్లా నా ఫైల్‌లోని ఒక్క విలువ కూడా మూడు నెలలుగా అమల్లో లేదు. సూర్యాపేట మిల్లు 14 వెర్షన్. వానాకాలమంతా దాని ఎఫ్‌సింక్ ఆఫ్‌లోనే ఉంది. సేటుకు నేను పెట్టిన మెసేజ్ ఇంకా ఫోన్‌లో ఉంది.

చేత్తో చేసే రోజుల్లో తప్పు చేస్తే ఒక మిల్లు ఆగేది. ఆటోమేషన్ వచ్చాక ఎనిమిది మిల్లులకు ఒకే కమాండుతో పెట్టాను చిచ్చు.

రాత్రే ఏడింటినీ సరిచేశాం. ఎఫ్‌సింక్ విషయంలో ఇంకో మెలిక: ఆన్ చేయగానే పాత రాతలు డిస్క్‌కు ఎక్కినట్టు కాదు, కెర్నెల్ దగ్గర మెమరీలో మిగిలినవి ఉంటాయి. అందుకని పోస్ట్‌గ్రెస్‌ను మర్యాదగా ఆపి, సింక్ కొట్టి, అప్పుడు ఎఫ్‌సింక్ ఆన్‌తో లేపాం. డేటాబేస్ మొత్తం ఒకసారి డంప్ తీసి చూశాం, ఏ టేబుల్ దగ్గరా ఆగలేదు. అదృష్టం.

సర్వర్‌నే అడగడం

ఆ తర్వాత ప్లేబుక్ (ఆన్సిబుల్ చేయాల్సిన పనుల జాబితా) మొత్తం తిరగరాశాం. ఫైల్ సరిగ్గా రాశామా అన్నది ఇప్పుడు మాకు చిన్న ప్రశ్న. సర్వర్ ఏం నమ్ముతోందన్నదే పెద్ద ప్రశ్న.

టెంప్లేట్ ఫైల్ పెట్టగానే, రీలోడ్‌కు ముందు, పీజీ_ఫైల్_సెట్టింగ్స్ అనే వ్యూను అడుగుతాం. అది డిస్క్ మీదున్న ఫైళ్లను అప్పటికప్పుడు చదివి, ఏ లైను చెల్లదో ఎర్రర్ కాలమ్‌లో చెబుతుంది. ఆ ఒక్క ప్రశ్న జూన్‌లో అడిగి ఉంటే వనపర్తి కథ లేదు. అయితే రీస్టార్ట్ కావాల్సిన మార్పులను కూడా, ఉదాహరణకు సర్వర్ అంతా పంచుకునే మెమరీ ఎంతో చెప్పే షేర్డ్_బఫర్స్ మారిస్తే, అది ఎర్రర్‌గానే చూపిస్తుంది. మొదటి వారం దీనితో ప్లేబుక్ ప్రతిచోటా ఆగిపోయి మాకు పిచ్చెక్కింది. ఇప్పుడు కాంటెక్స్ట్ పోస్ట్‌మాస్టర్ అని ఉన్నవాటిని, అంటే రీస్టార్ట్ అయితేనే అమలయ్యేవాటిని, వేరుచేసి, మిగతా ఎర్రర్ ఒక్కటున్నా పాత ఫైల్‌ను వెనక్కి పెట్టి అక్కడే ఆగిపోయేలా చేశాం. రీలోడ్ తర్వాత మళ్లీ పీజీ_సెట్టింగ్స్ అడిగి, మేం కోరిన విలువ, సర్వర్ చెప్పే విలువ పక్కపక్కన పెట్టి పోలుస్తాం. అది తేడా చూపితే పచ్చ రంగు రాదు.

హ్యాండ్లర్ల విషయంలో కూడా ఒక దెబ్బ తిన్నాం. ఆన్సిబుల్‌లో ఫైల్ మారితే "రీలోడ్ చెయ్యి" అని హ్యాండ్లర్‌కు కబురు వెళ్తుంది, కానీ ఆ హ్యాండ్లర్ నడిచేది ప్లే చివర. హుజూర్‌నగర్ వైపు ఒక మిల్లులో ఫైల్ రాశాక, చివరికి చేరకముందే నెట్ పోయింది. నెట్ వచ్చాక మళ్లీ నడిపాం. ఫైల్ అప్పటికే కొత్తది, మారిందేమీ లేదు, కబురు లేదు, రీలోడ్ లేదు. చక్కగా ఓకే అని వచ్చింది. ఇప్పుడు ఫైల్ రాసిన వెంటనే హ్యాండ్లర్లను నడిపించే ఫ్లష్_హ్యాండ్లర్స్ పెట్టాం. కానీ నిజంగా కాపాడేది చివరి పోలికే. ఫైల్ మారిందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు, ప్రతిసారీ నడుస్తుంది.

మెమరీ లెక్క టెంప్లేట్‌లోనే వేద్దామని ఉత్సాహపడ్డాడు మా జూనియర్. షేర్డ్_బఫర్స్‌ను ర్యామ్‌లో నాలుగో వంతు నుంచి మొదలుపెట్టమని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషనే చెబుతుంది కాబట్టి, ఆన్సిబుల్ కనిపెట్టిన ర్యామ్‌ను నాలుగుతో భాగించాడు. బాగానే ఉంది. కెర్నెల్ అప్‌డేట్ అయినప్పుడల్లా మొత్తం ర్యామ్ అంకె రెండు మూడు ఎంబీలు అటూ ఇటూ మారుతుందని అప్పుడు తెలిసింది. దాంతో షేర్డ్_బఫర్స్ మారుతుంది, రీస్టార్ట్ కావాలంటుంది. "అన్నా, రెండు ఎంబీల కోసం సేటును రీస్టార్ట్ అడగాల్నా?" అన్నాడు. 256 ఎంబీల గుణిజానికి కుదించాక ఆ గోల పోయింది. వర్క్_మెమ్ మాత్రం ఏ మిల్లుకు ఆ మిల్లు అంకె చేత్తో రాస్తాం. 15 వెర్షన్ నుంచి హ్యాష్‌లు డిఫాల్ట్‌గా వర్క్_మెమ్‌కు రెట్టింపు వాడుకోవచ్చు. కాబట్టి 14లో సరిపోయిన అంకె 16లో అదే అర్థం ఇవ్వదు.

హెచ్‌బీఏ ఫైల్ సంగతి తొందరగా చెప్పేస్తాను. దాంట్లో పైనుంచి మొదట కుదిరిన లైనే చెల్లుతుంది, అందుకని అందులో లైన్లు అతికించే పని పెట్టుకోకుండా మొత్తం ఫైల్ మేమే రాస్తాం. మొట్టమొదటి లైను ఎప్పుడూ మెషీన్ లోపలి పోస్ట్‌గ్రెస్ యూజర్‌ను రానిచ్చేదే, లేకపోతే ఆన్సిబుల్ తన తలుపు తానే మూసుకుంటుంది. పాత ఎండీ5 పద్ధతిలో దాచిన పాస్‌వర్డులున్న చోట హెచ్‌బీఏలో కొత్త పద్ధతి స్క్రామ్ అని మారిస్తే లాగిన్ కాదు, ముందు పాస్‌వర్డులు మళ్లీ పెట్టాలి. ఈ పని ఇంకా నాలుగు మిల్లుల్లో మిగిలింది.

తోసే క్రమం కూడా మారింది. ఒకసారికి ఒక్కటే మిల్లు. మొదట ఆఫీసులో మూడు వెర్షన్లతో పెట్టుకున్న మెషీన్ల మీద, అక్కడ రీలోడ్‌తో సరిపెట్టకుండా పూర్తిగా ఆపి లేపుతాం. తర్వాత నల్లగొండకు దగ్గరి మిల్లు, అంటే బైక్ మీద వెళ్లగలిగేది. మర్నాడు మిగతావి. రీస్టార్ట్‌కు ప్లేబుక్ వేరే ఉంది, అది ఫోన్ చేశారా అని అడిగి ఆగుతుంది. సీజన్‌లో రీస్టార్ట్ అంటే సేటుతో బేరం:

"రెండు నిమిషాలు సేటు, అంతే."

"నీ రెండు నిమిషాలు పోయినసారి చూసిన. బండ్లు అయిపోనీ, పొద్దుగాల నాలుగింటికి చేస్కో."

నాలుగింటికే చేస్తాం. పెండింగ్_రీస్టార్ట్ కాలమ్‌లో ఏ మిల్లు ఎన్నాళ్లుగా ఉందో ప్రతి సోమవారం మా గ్రూప్‌లో పడుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా చెయ్యి అందనివి కొన్ని ఉన్నాయి. ఎవరైనా ఒక యూజర్‌కు మాత్రమే వర్క్_మెమ్ మార్చి పెడితే అది ఏ ఫైల్‌లోనూ ఉండదు, డేటాబేస్ లోపలే ఉంటుంది. మా పోలిక పోస్ట్‌గ్రెస్ యూజర్‌తో నడుస్తుంది కాబట్టి దానికి కనిపించదు కూడా. రెండు మిల్లుల్లో రిపోర్ట్ యూజర్‌కు అట్లా దొరికాయి. అట్లాంటి సెట్టింగులుండే లోపలి పట్టికను విడిగా చదివి చూపించే పని చేర్చాం, తీసేయడం మాత్రం మనిషే చేస్తాడు. ఆల్టర్ సిస్టమ్‌ను ఏకంగా ఆపేసే సెట్టింగు 17 వెర్షన్‌లో వచ్చింది. మాకు అక్కడిదాకా ఇంకా దూరం ఉంది.

నవంబర్ వానాకాలం కొనుగోళ్లలో కాంటా రెండుసార్లు ఆగింది. ఒకసారి ప్రింటర్, ఒకసారి ఎలుక కొరికిన నెట్‌వర్క్ కేబుల్. పదిహేను మిల్లులు ఇప్పుడు ప్లేబుక్ కింద ఉన్నాయి. పదహారోది మిర్యాలగూడలోదే, మొదట ఫోన్ వచ్చిన మిల్లు. అక్కడ సేటు అల్లుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పండక్కి వచ్చినప్పుడల్లా సర్వర్‌లో ఏదో ఒకటి "ట్యూన్" చేసి వెళ్తాడు. మేం సరిచేస్తే మళ్లీ మారుస్తాడు. అందుకని ఆ మిల్లు దగ్గర పోలిక మాత్రమే నడుపుతాం, రాయడం ఆపేశాం. మా ఇన్వెంటరీ ఫైల్‌లో (సర్వర్ల జాబితాలో) దాని పక్కన జూనియర్ ఒక వ్యాఖ్య రాసి పెట్టాడు: "ముట్టుకోవద్దు. సంక్రాంతి తర్వాత సేటుతో మాట్లాడాలి."